వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ గారును మన తూర్పుతీరమును

మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు చరిత్ర విషయమున నొక వ్యాసము వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలలో మన పూర్వులలోని దాతలను, విద్వాంసులను, ఉద్యోగధురంధరులను స్మరించుట ఆచారము. ఆ యాచారము మంచిదే. అయినను ఈ మాఱు మేము వేఱొక దారి పట్టుచున్నాము. మేము వ్రాయబూనిన పురుషుడు మన కులమువాడు కాడు. మన భాషవాడును కాడు. తిరువాన్కూరు సంస్థానమునకు జెందిన నాగర్‌కోయిలులో 1919వ సంవత్సరమున జన్మించిన దాక్షిణాత్యుడు. 1971వ సంవత్సరపు యుద్ధమున మన విశాఖపట్టణమున నుండి బంగాళాఖాతమంతటి నౌకాయుద్ధమును నడపిన వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ గారి చరిత్రము మన ఉత్తరాంధ్ర చరిత్రలో నొక భాగమని మా యభిప్రాయము. మన గుమ్మము కాచినవానిని తలచుకొనుటకు కులమును భాషయు అడ్డము రానక్కఱలేదు గనుక పోషకమహాశయులు ఈ స్వాతంత్ర్యమును మన్నింతురని నమ్ముచున్నాము.

మహేంద్రతనయ యొడ్డున, నీలమణిదుర్గమ్మ సన్నిధిని వెలసిన పాతపట్నమునకును నౌకాయుద్ధమునకును సంబంధ మేమని కొందఱు అడుగవచ్చును. మన యూరికి సముద్రము కనబడదు. నౌపడానుండి పర్లాకిమిడికి బోవు చిన్నరైలుదారి మీదుగా వచ్చిన ఉప్పే చాలకాలము మనకు సముద్రమునుగూర్చిన వార్త. కాని మన యేటి నీరు వంశధారలో గలసి కళింగపట్నముకడ సముద్రమును జేరుచున్నది. ఆ కళింగపట్నము ఒకప్పుడు పేరుగన్న రేవు. దానికి సమీపమున వంశధార యొడ్డునగల శాలిహుండము గుట్టమీది బౌద్ధస్తూపములను జూచినవారికి, ఈ నదీముఖము ఎంత ప్రాచీనకాలమునుండి దేశాంతరుల యెఱుకలో నున్నదో వేఱుగ జెప్ప బనిలేదు. కళింగులు సముద్రము దాటి జావా మొదలగు ద్వీపములకు బోయిరనియు, అచ్చటివారు భారతీయులను మన దేశము పేరుతోనే పిలిచిరనియు పండితులు చెప్పుచుందురు.

ఆ వైభవ మెట్లుండినను, ఆంగ్లేయుల పరిపాలనమునాటికి మనవారి సముద్రయానము వేఱు విధమైనది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల బీదజనులు పొగయోడలనెక్కి రంగూనునకు బోయి, అచ్చటి బియ్యపు మిల్లులలోను రేవులలోను కూలి చేసికొని బ్రదికిరి. 1942లో జపానువారు బర్మాపై బడినప్పుడు వారిలో ననేకులు అడవులవెంట కాలినడకను తిరిగివచ్చిరి. దారిలో గతించినవారి లెక్క వ్రాసినవారు లేరు. ఓడలో సరకు మోయువాడు మనవాడు, ఓడను నడపువాడు పరుడు. ఇది మన తీరపు స్థితి. ఈ స్థితి ఎట్లు మాఱెనో తెలిసికొనినగాని కృష్ణన్ గారు విశాఖకు వచ్చునాటి సంగతులు బోధపడవు.

ఇక రెండవ సంబంధము మన పాతపట్నమునకే ప్రత్యేకమైనది. 1952వ సంవత్సరపు తొలి సార్వత్రిక నిర్వాచనములలో పాతపట్నము నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికైనవారు శ్రీ వరాహగిరి వేంకటగిరి గారు. ఆ పేరు నేడు శాసనసభా స్థానమునకే మిగిలినది గనుక ఈ విషయము మన యువకులలో బెక్కండ్రకు తెలియదు. ఆ గిరిగారే 1969నుండి 1974వఱకు రాష్ట్రపతిగా నుండిరి. రాజ్యాంగమునుబట్టి రాష్ట్రపతి త్రివిధసేనలకును సర్వాధిపతి. కావున 1971 డిసెంబరున కృష్ణన్ గారు ఎవరి సేనకు నాయకులై విశాఖలో నిలిచిరో, ఆ సర్వాధిపతి ఒకప్పుడు మన యోట్లడిగి గెలిచిన ప్రతినిధి. ఇంతమాత్రమున యుద్ధములో మనకు భాగము వచ్చునని మేము చెప్పము. తెలిసికొని యుండదగిన సంగతి యని మాత్రమే చెప్పుచున్నాము.

కృష్ణన్ గారి పూర్వోద్యోగమును సంగ్రహముగ జెప్పెదము. ఆయన ఆంగ్లేయుల కాలపు రాయల్ ఇండియన్ నేవీలో యువకుడుగా బ్రవేశించి, రెండవ ప్రపంచయుద్ధమున, 1941లో, పారసీక సింధుశాఖయందు చూపిన సాహసమునకు డి.యస్.సి. యను పతకమును బడసిరి. అప్పటికాయనకు ఇరువదిరెండేండ్లు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత క్రమక్రమముగ నున్నతపదవుల నందుకొని, 1961లో పోర్చుగీసువారినుండి డయ్యూను విడిపించిన సందర్భమున ఢిల్లీ యను క్రూయిజరునకు కెప్టెనుగా నుండిరి. తరువాత మన తొలి విమానవాహక నౌకయగు విక్రాంతునకు నాయకత్వము వహించిరి. ఈ విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. విక్రాంతు గుణదోషములు ఆయనకు కంఠస్థములు. బొంబాయిలో పశ్చిమ నౌకామండలాధిపత్యము నెఱపి, 1971 తొలిదినములలో తూర్పు నౌకామండలాధిపతిగా విశాఖపట్టణమునకు వచ్చిరి.

అప్పటి విశాఖ యెట్టిది? డాల్ఫిన్‌నోస్ అను కొండ చాటున బురదనేలను త్రవ్వి చేసిన రేవులో తొలియోడ 'జలదుర్గ' ప్రవేశించినది 1933లో. సింధియావారి నౌకానిర్మాణశాలకు 1941లో బాబూ రాజేంద్రప్రసాదు గారు శంకుస్థాపనము చేసిరి. 1942 ఏప్రిలు 6వ తేదీని జపాను విమానములు పట్టణముపై బాంబులు వేయగా జనులు ఇండ్లు విడిచి పల్లెలకు పరుగిడిరి. మన తాతల తరమువారు ఆ కథను 'బాంబులనాడు' అని కాలగణనకు సయితము వాడుకొనిరి. 1948 మార్చిలో 'జలఉష' యను ఓడను జవాహర్‌లాల్ నెహ్రూ గారు సముద్రములోనికి విడిచిరి. నౌకాసైన్యపు స్థావరమునకు 'సర్కార్స్' అని మన ఉత్తరసర్కారుల పేరే పెట్టిరి. సోవియట్టు దేశమున గొనిన తొలి జలాంతర్గామి 'కల్వరి' 1968లో ఇచ్చటికి జేరెను. జలాంతర్గాముల స్థావరమగు 'వీరబాహు' 1971 మే నెలలో నేర్పడెను. ఇంతచేసియు తూర్పుమండలము పశ్చిమమండలమునకు చిన్నతమ్ముడే. మంచి నౌకలు, క్రొత్త క్షిపణిపడవలు బొంబాయివైపుననే యుండెను. కృష్ణన్ గారికి దక్కినవి కొలదిపాటి యుద్ధనౌకలు, వానితోపాటు విక్రాంతు.

ఆ విక్రాంతును పూర్ణారోగ్యము గలది కాదు. దాని నాలుగు బాయిలరులలో నొకదానికి బీటలు పడియుండెను. అందువలన వేగము తగ్గెను. విమానములు పైకెగురుటకు కావలసినంత గాలిని ఓడ తన పరుగుచే తెచ్చుకొనలేదేమో యని సందేహము. ఇట్టి నౌకను యుద్ధమునకు దింపుట తగదని వాదించినవారు కలరు. నౌకాసేనాధిపతి అడ్మిరల్ నందా గారును, కృష్ణన్ గారును దానిని మూల గూర్చుండబెట్టుట కిష్టపడలేదు. యుద్ధకాలమున రేవులో దాచిన నౌక శాంతికాలమున దేనికి పనికివచ్చునని వారి తర్కము. ఇందు మాకు వారి పక్షమే సరియైనదిగా దోచుచున్నది. కాని పొరపాటు జరిగియుండినచో చరిత్రకారులు వారిని క్షమించియుండరు.

పాకిస్తానువారికి విక్రాంతు ఒక్కటే భయము. దానిని ముంచిన యెడల తూర్పుబంగాళమున తమ రేవులు నిర్భయముగా నుండును. ఆ కార్యమునకై వారు పంపినది ఘాజీ. ఇది అమెరికావారు డయబ్లో యను పేర నిర్మించి, 1964లో పాకిస్తానునకు బాడుగ కిచ్చిన పెద్ద జలాంతర్గామి. కరాచీనుండి సింహళమును చుట్టి బంగాళాఖాతమునకు వచ్చి పోరాడగల దూరశక్తి వారి జలాంతర్గాములలో దీని కొక్కదానికే కలదు. కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వమున, తొంబదిమందికి పైగా నావికులతో, 1971 నవంబరు 14వ తేదీని అది కరాచీ విడిచెను. జలాంతర్గాములకు మాత్రమే వాడు ఒకానొక తైలమునుగూర్చి చిట్టగాంగు రేవునకు బోయిన పాకిస్తాను వైర్‌లెస్సు వార్త మనవారి చెవిని బడగా, ఘాజీ ఇటు వచ్చుచున్నదని కృష్ణన్ గారు గ్రహించిరి. గొప్ప రహస్యములు ఒక్కొక్కప్పుడు ఇట్లు నూనెడబ్బాల లెక్కలో బయటపడుచుండును.

ఇచ్చటినుండి కృష్ణన్ గారు నడిపిన తంత్రము చదువరులకు వినోదమును గలిగించును. విక్రాంతును దాని తోడినౌకలతో రహస్యముగా అండమాను దీవుల కంపి, అచ్చట నొక నిర్జనమైన యాఖాతమున దాచిరి. ఆ స్థలమునకు 'పోర్టు ఎక్స్‌రే' అని సంకేతనామము. విశాఖలోనో, ఆ సమీపమునో విక్రాంతు ఉన్నదని శత్రువు నమ్మవలెను గదా! రాజపుత్ అను పాత విధ్వంసకనౌక యొకటి, ఉద్యోగవిరమణకు సిద్ధముగా నున్నది, రేవులో నుండెను. దానిని విశాఖకు నూటయఱువది మైళ్ల దూరము సముద్రముపైకి బంపి, విమానవాహకనౌక పంపునంతటి వైర్‌లెస్సు వార్తలను దానిచేత పంపించిరి. విక్రాంతులోని నావికుడొకడు తల్లి యారోగ్యము విచారించుచు పంపినట్లుగా నొక మామూలు తంతియు ఆ వార్తలలో బోయెను. ఇంతటితో నాగక, పెద్దనౌకకు సరిపోవునన్ని కూరగాయలను, మాంసమును, తక్కిన వెచ్చములను విశాఖ బజారులో బేరమాడించిరి. రేవుపట్టణములలో నోరు మూసికొని యుండు వర్తకుడెవడు? ఆ బేరముల వార్త చేరవలసినవారికి చేరునని ఆయన యూహ. యుద్ధవిద్యలో నింత గృహస్థజ్ఞానము గల సేనాపతులు అరుదు.

డిసెంబరు 3వ తేదీ సాయంకాలము పాకిస్తాను విమానములు మన పశ్చిమ విమానాశ్రయములపై బడుటతో యుద్ధము ప్రకటమయ్యెను. ఆ రాత్రి లెఫ్టినెంటు కమాండర్ ఇందర్‌సింగు నాయకత్వమున రాజపుత్ మరల రేవు విడిచెను. దీపములన్నియు ఆర్పివేయబడియున్నవి. రేవు ముఖముకడ పైలటును దింపివేసి ముందునకు సాగుచుండగా, నీటిలో నేదో కలత కనబడెననియు, ఆ తావునకు ఉరికి రెండు డెప్తుఛార్జీలను జారవిడిచిరనియు నౌకాసైన్యపు కథనము. అర్ధరాత్రి దాటిన కొన్ని నిమిషములకు మహావిస్ఫోటనము జరిగెను. పట్టణమున తీరమువెంటనున్న ఇండ్ల కిటికీ యద్దములు కంపించినవి. ప్రధానమంత్రి ప్రసంగమునకై రేడియోలకడ మేలుకొనియున్న జనులు భూకంపమనుకొని వీథులలోనికి వచ్చిరి. రాజపుత్ తన దారిని దాను బోయెను.

ఏమి మునిగెనో చెప్పినవారు నౌకాసైనికులు కారు, చేపలు పట్టువారు. సముద్రముపై నూనె తేలుచున్నదనియు, విఱిగిన వస్తువులు తేలుచున్నవనియు మత్స్యకారులు వచ్చి చెప్పిరి. ప్రాణరక్షక కవచము మొదలగు వస్తువులును దొఱకినవి. తరువాత గజయీతగాండ్రు దిగి, అడుగున నున్నది ఘాజీయేయని నిర్ధారణ చేసిరి. ప్రత్యక్షసాక్ష్యము చేతికి వచ్చువఱకు విజయమును చాటలేదు; 9వ తేదీనిగాని లోకమునకు ప్రకటింపలేదు. అదే రాత్రి అరేబియా సముద్రమున మన ఖుక్రీ నౌకను పాకిస్తాను జలాంతర్గామి ముంచివేసెను. 18 మంది అధికారులును 176 మంది నావికులును మృతులైరి. ఆ మత్స్యకారుల పేర్లు మన పాఠ్యపుస్తకములలో లేవు. సేనాపతుల పతకముల పట్టికలు వ్రాసి పెట్టుకొను మన దేశమున తీరపు పల్లెవాని సాక్ష్యము పేరులేక మిగులుట క్రొత్త కాదు. అయినను ఈ కథలో తొలిసాక్షి యతడే.

ఇచ్చట చరిత్రకారునకు చిక్కు కలదు. దానిని దాచి స్తోత్రము వ్రాయుట మా కిష్టము లేదు. ఘాజీని రాజపుత్ ముంచినదని మన నౌకాసైన్యము చెప్పును. ఘాజీ తాను పరచుచున్న మైనులలో నొకటి పేలి మునిగెనని పాకిస్తానువారు చెప్పుదురు. లోపలి బ్యాటరీలనుండి పుట్టిన వాయువు మండి పేలియుండునని మఱికొందఱి యూహ. ఇది చాలదన్నట్లు, ఆనాడు కలకత్తాలో తూర్పు సైనికమండలమునకు చీఫ్ ఆఫ్ స్టాఫుగా నుండిన జనరల్ జేకబ్ గారు 1997లో బ్రకటించిన గ్రంథమున మఱియొక సంగతి వ్రాసిరి. యుద్ధము ప్రకటముకాక మునుపే, 3వ తేదీ యుదయమున కృష్ణన్ గారు తమకు ఫోను చేసి, మత్స్యకారులకు ఘాజీ శకలములు దొఱకినవని చెప్పిరనియు, మఱునాడు మరల ఫోను చేసి ఆ సంభాషణమును మఱచిపొమ్మని కోరిరనియు ఆయన కథనము. కృష్ణన్ గారు 1982లోనే స్వర్గస్థులైరి గనుక ప్రత్యుత్తర మీయజాలరు. 1980లో, అనగా తాము జీవించియుండగనే, 'నో వే బట్ సరెండర్' అను పేర ఈ యుద్ధచరిత్రమును స్వయముగా బ్రకటించిరి. అందు రాజపుత్ పక్షమే నిలిపిరి. ఘాజీకి సంబంధించిన తూర్పుమండలపు పత్రములు చాలకాలము క్రిందటనే నాశనము చేయబడినవని 2010లో పత్రికలు వ్రాసినవి. పత్రములను కాపాడుకొనని జాతి తన విజయములనుగూర్చి సయితము సాక్షులను వెదకికొనవలసివచ్చును.

మా నిర్ణయమును దాచము. ఘాజీని చంపినది డెప్తుఛార్జియో, దాని సొంత మైనుయో యను ప్రశ్నపై కృష్ణన్ గారి కీర్తి ఆధారపడలేదు. విక్రాంతు అండమానులలో నుండగా ఘాజీ విశాఖ రేవు వాకిట ఏల యున్నది? ఆ ప్రశ్నకు మాత్రము రెండు సమాధానములు లేవు. విక్రాంతు ఇచ్చట నున్నదని నమ్మి వచ్చినది. ఆ నమ్మకమును బుట్టించినది కృష్ణన్ గారు. తన మైను తగిలి చచ్చినను, అది ఆయన పిలిచిన చోటనే చచ్చినది. 2017లో వెలువడిన 'ఘాజీ' యను తెలుగు చలనచిత్రము మన జలాంతర్గామియే నీటి యడుగున పోరాడి దానిని ముంచినట్లు చూపెను. అది కల్పనము. చిత్రము వేడుకగా నుండునేకాని, దానిని జూచి చరిత్ర నేర్చుకొనిన పిల్లలకు కూరగాయల బేరపు కథను పెద్దలు చెప్పవలెను. అదియే యెక్కువ వింతయైనది.

4వ తేదీ పగలు విక్రాంతునుండి ఎగిరిన సీహాకు విమానములు కాక్సుబజారుపైని, చిట్టగాంగుపైని బాంబులు వేసినవి. తరువాతి దినములలో ఖుల్నా, మంగళా రేవులును దెబ్బతినెను. బీటలువాఱిన బాయిలరుతోనే ఆ నౌక యుద్ధమంతయు నడిచెను. తన విమానము నొక్కదానినైనను పోగొట్టుకొనలేదు. సముద్రపు దారి మూతపడుటచే తూర్పుబంగాళమునందలి పాకిస్తాను సేనకు సహాయము వచ్చు దారియు, పాఱిపోవు దారియు రెండును లేకపోయెను. అన్నియు జయములే యనుట సత్యము కాదు. చివరిదినములలో కాక్సుబజారుకడ ఓడలనుండి సైన్యమును దింపుటకు జేసిన ప్రయత్నము ఇసుకమేటలవలన చెడి, కొందఱు సైనికులు నీట మునిగి మరణించిరి. తీరపు లోతులను ముందుగ సరిగా గొలిచి యుండవలసినది. ఈ లోపమును చెప్పక విడుచుట మృతులయెడ న్యాయము కాదు.

డిసెంబరు 16వ తేదీని ఢాకానగరపు రమనా మైదానమున జనరల్ నియాజీ లొంగుబాటు పత్రముపై సంతకము చేయు ఛాయాచిత్రమును పాఠకులు చూచియుందురు. బల్లకడ గూర్చున్న నియాజీ, అరోరాల వెనుక నిలుచున్న మన సేనానులలో తెల్లని నౌకాదుస్తులతోనున్నవారు కృష్ణన్ గారే. ఆ చిత్రమును మన యిండ్లలో పెట్టుకొనినవారు సయితము ఆయన విశాఖనుండి వెళ్లి అచ్చట నిలిచిరని యెఱుగరు.

1972లో భారతప్రభుత్వము వారికి పద్మభూషణ బిరుదము నిచ్చెను. అప్పటి రాష్ట్రపతి గిరిగారే. నౌకాసైన్యపు పనిని విడిచిన తరువాత కొచ్చిలో క్రొత్తగా వెలసిన నౌకానిర్మాణశాలకు అధ్యక్షత వహించిరి. యుద్ధనాయకుడు ఓడలు కట్టు పనికి బోవుట మాకు మిగుల నుచితముగా దోచినది. ఓడను ముంచుట యెఱిగినవానికి కట్టుటలోని శ్రమ తెలియును. శేషజీవితమున వారు గ్రంథరచనమునకు బూనిరి. వారి స్వీయచరిత్రము మరణానంతరమున వెలువడినది. ఆంగ్లమున నున్న ఆ గ్రంథములలో విశాఖ యధ్యాయములనైనను మన విద్యావంతులెవరైన తెలిగించినచో, మన సంఘపు పుస్తకభాండాగారములకు ప్రతులు కొని పంపెడి పోషకులు దొరకకపోరు.

ఏటేట డిసెంబరు 4వ తేదీ నౌకాదినోత్సవము. నిజమునకు ఆ తేదీ కరాచీపై మన క్షిపణిపడవలు చేసిన దాడికి గుర్తు. కాని మన తీరవాసులు దానిని ఘాజీ దినముగనే యెంచుచుందురు. విశాఖ సముద్రతీరపు బాటపై 1996లో నిర్మింపబడిన జయస్మారకమును, 2002నుండి ప్రదర్శనశాలగా నిలిపిన 'కురుసుర' జలాంతర్గామిని మన పిల్లలు విహారయాత్రలలో జూచి వచ్చుచున్నారు. కురుసుర 1971లో అరేబియా సముద్రమున గస్తీ తిరిగినది. ఘాజీతో దానికి సంబంధము లేదు. ఘాజీ శిథిలము, తనలోని తొంబదిమంది పైచిలుకు నావికుల యస్థికలతో, రేవు వెలుపల కొలది మైళ్లలోనే యున్నది. మన మత్స్యకారులు దానిమీదుగనే వలలు వేయబోవుచున్నారు.